లోయ మీద ఎగిరిన ఇంటిబండి

“నమ్మని వాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. మధ్యలో లేస్తే బెంచీ ఒరిగి పక్కవాళ్ళు పడతారు, ఆ పాపం నాకొద్దు” అన్నాడు స్టీరింగు తాత, టీకొట్టు బెంచీ మీద సర్దుక్కూర్చుంటూ.

ఎవరూ లేవలేదు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆరేళ్ళుగా మంచం, పొయ్యి, సింకు అన్నీ లోపలే ఉన్న ఇంటిబండిలో భార్యతో కలిసి ఊళ్ళు తిరుగుతున్నాడు. నెలకోసారి ఈ కొట్టు ముందు బండి ఆపితే పక్కనున్న పంక్చరు షాపతను పని వదిలేసి మరీ వచ్చి కూర్చుంటాడు. కానీ ఈ వేళ తాత నోరు విప్పింది అతని కోసం కాదు. ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ దిగి, నర్సు బట్టలతోనే వచ్చి ఎదురు బెంచీ మీద టీ ఊదుకుంటున్న కూతురి కోసం.

సెలవుల్లో మనవరాల్ని వారం రోజులు బండిలో తిప్పుతానని అడిగాడు. పాప ఇప్పటికే బట్టలు సర్దేసుకుందట. కూతురు మాత్రం టీ తాగేలోపు ఏ సంగతో చెప్తానంది. యాక్సిడెంటు కేసులకి కట్లు కట్టే పిల్ల, అడగ్గానే సరే అనే రకం కాదు. పాప ఎలాంటి మొనగాడి చేతిలో ఉండబోతోందో తెలిస్తే ఈవిడే సంచీ తెచ్చి బండిలో పెడుతుందని తాత లెక్క.

“పెద్ద విషయమేం కాదు. ఓ కొండదారిలో కాసేపు బండి ఆపాం. మీ అమ్మ లోపల పాలు పెట్టింది. నేను దిగి నడుం విరుచుకుంటుంటే బండి మెల్లగా వెనక్కి జారింది. చక్రం కింద రాయి తోశా, ఆగింది. అంతే.”

“హ్యాండుబ్రేకు వెయ్యలేదా?” అంది కూతురు.

తాత గతుక్కుమన్నాడు. ఈ పిల్లకి రాయి చాల్లేదు.

“వేశానమ్మా, తెగింది. రాయా, పిండైపోయింది. బండి వెనక నిచ్చెన ఉంటుంది చూడు, దాన్ని ఎడంచేత్తో పట్టుకుని ఆపా. మూడున్నర టన్నులు. కుడిచెయ్యి ఖాళీయే కదాని వెనకొచ్చే బండ్లకి దారి చూపిస్తున్నా, ఈలోపు ఓ లారీ ఆయన అగ్గిపెట్టె అడిగితే జేబులోంచి తీసిచ్చా, ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది మావయ్యా?” అన్నాడు పంక్చరు షాపతను.

“గ్యాసు వాసన. కుదుపుకి సిలిండరు పైపు ఊడింది. లోపల మీ అత్తయ్య, పక్కన మండుతున్న పొయ్యి.”

కూతురు టీ ఊదడం ఆపింది. “గ్యాసు అలారం మోగలేదా?”

“దానికంటే ముందు నా ముక్కు మోగింది. కిటికీలో తల పెట్టి ఒక్క పీల్పులో గ్యాసంతా లాగేశా, సిలిండరు అడుగుతో సహా. పొట్ట ఇంతైంది. కాళ్ళు నేల మీంచి లేచాయి. నిచ్చెన వదిలితేనా? నాతోపాటు బండీ లేచింది.”

“వంటగ్యాసు గాలికన్నా బరువు కదా మావయ్యా, పైకెలా లేస్తుంది?”

“సిలిండరులో ఉన్నంతసేపే దాని బరువు. నా పొట్ట వేడికి ఇనుమైనా తేలుతుంది. కింద లోయ. మా డిపో బస్సు అగ్గిపెట్టంత కనిపించింది, చెయ్యూపితే కండక్టరు అలవాటు కొద్దీ టికెట్టు తీసుకున్నావా అన్నాడు. మరి దిగడమెలా? త్రేన్చా. చిన్న త్రేనుపుకి కిందికి, పెద్ద త్రేనుపుకి ఎడమకి. తొమ్మిది త్రేనుపుల్లో అవతలి గట్టున సరిగ్గా పార్కింగు గీతల మధ్య దించా. పొయ్యి మీద పాలు పొంగితే ఒట్టు.”

టీకొట్టావిడ నవ్వు ఆపుకోలేక గరిట పక్కన పెట్టేసింది. తాత విజయగర్వంతో కూతురి వైపు తిరిగాడు.

ఆమె సగం టీ ఉన్న గ్లాసు బెంచీ మీద పెట్టేసింది. “పాపని పంపను నాన్నా.”

“అదేంటమ్మా, అంత ప్రమాదంలోంచి బయటపడ్డాం కదా!”

“బయటపడని వాళ్ళని నేను రోజూ చూస్తున్నా. అందరూ నీలాంటి ధైర్యవంతులే.”



“ఏ కొండ?” అంది తాత భార్య. ఇంటిబండి తలుపు దగ్గర మడత కుర్చీలో ఉల్లిపాయలు ఒలుస్తోంది. “ఆరేళ్ళలో మనం కొండెక్కిందెప్పుడండీ? ఘాటు రోడ్డని బోర్డు కనబడితే చాలు, వెనక్కి తిప్పి అరవై కిలోమీటర్లు చుట్టూ తీసుకెళ్తారు.” కూతురితో అంది, “బండి జారింది పెట్రోలు బంకు వెనక చదును నేల మీదే. జానెడు. ఈయన కేకకి బంకు వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. ఆ రోజునుంచీ బండి ఆపితే నాలుగు చక్రాలకీ చెక్క దిమ్మలు. చీకటి పడిందంటే బండి నడపరు. బయల్దేరేముందు గ్యాసు కట్టేసి, ఫర్లాంగు వెళ్ళాక బండాపి, కట్టానా లేదా అని మళ్ళీ దిగి చూస్తారు. వారానికోసారి అలారం తనే నొక్కి తనే ఉలిక్కిపడతారు.”

“బండి ఆపాక టీకి రావడానికి ఇరవై నిమిషాలెందుకా అనుకునేవాణ్ణి, దిమ్మలా సంగతి” అన్నాడు పంక్చరు షాపతను.

“నిజమేనా నాన్నా?” అంది కూతురు.

తాత బెంచీ మీది మొహాలన్నీ చూశాడు. కాదంటే లోయ తనది. ఔనంటే పాప తనతో వస్తుంది, ముప్ఫై ఏళ్ళ పేరు మాత్రం ఈ కొట్టులోనే ఉండిపోతుంది.

“భయమమ్మా” అన్నాడు చిన్నగా. “బస్సులో యాభై మందిని ఎక్కించుకున్నప్పుడు కూడా ఇంత లేదు. వెనక మీ అమ్మ ఉంటుంది కదా.”

కూతురు గ్లాసు తీసుకుని చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. “సోమవారం పొద్దున్నే రా. రోజూ సాయంత్రం బండి ఎక్కడ ఆపావో ఫోన్ చెయ్యాలి.”

తాత తల ఊపాడు. టీకొట్టావిడ ఇంకో గ్లాసు నింపేంతసేపు బుద్ధిగా కూర్చున్నాడు. అంతకంటే ఆయన వల్ల కాలేదు.

“అసలు పిరికితనమంటే మీకేం తెలుసు? ఈ భూమ్మీద నా అంత పిరికివాడు ఇంకొకడు లేడు. ఓసారి వంతెన కింద బండి దూరుతుందో లేదోనని దిగి టేపుతో కొలిచా. అనుమానమొచ్చి మళ్ళీ కొలిచా. ఈలోపు వెనక ఆగిన బండ్ల వాళ్ళు దిగి పొయ్యిలు పెట్టుకున్నారు, కబుర్లలో పడ్డారు, అందులో ఓ జంటకి పెళ్ళి కూడా అయింది. మూడోసారి కొలిచేటప్పుడు టేపు రెండో కొస పట్టుకుంది వాళ్ళ పిల్లే. నమ్మకపోతే పాలవ్యాను నడిపే పిల్లిమీసాలాయన్ని అడగండి. ఆ పిల్లకి తాత ఆయనే.”