చెల్లెలి కిటికీలో పూసిన ఆర్కిడ్

అక్క మొక్కలు పెంచే గాజు షెడ్డు తలుపును మోచేత్తో తోసుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు కుండీని ఎత్తుకుని చెల్లెలు లోపలికి వచ్చింది. అందులోని ఆర్కిడ్ పువ్వు ఆమె ముఖాన్ని సగం కప్పేసింది.

“చూడక్కా. నా చేతిలో మొక్క బతకదన్నావుగా. నీ పువ్వు పక్కన పెట్టి చూసుకో.”

అక్క పెట్టి చూసింది. రెండూ పళ్లెమంత ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు.

“ఏం ఎరువు వేశావు?”

“ఎరువా? నీళ్లే గుర్తొచ్చినప్పుడు పోశాను. ఒక్కోసారి మిగిలిన టీ పోశాననుకో.”

“ఎండ?”

“వంటింటి కిటికీలో ఎంత పడితే అంత. ఎందుకక్కా నవ్వుతున్నావు?”

“పూల పోటీలో నా పువ్వు చూసి ఆ న్యాయనిర్ణేత ఏమన్నాడో గుర్తుందా?”

“ఎరువులు మేపి ఉబ్బించిన పువ్వన్నాడు. ఆ రోజు నువ్వు అన్నం కూడా తినలేదు.”

“అందుకే ఆ మొక్కనే చీల్చి సగం నీకిచ్చాను. నీ దగ్గర కూడా ఇంత పూసిందంటే ఈ సైజు మేతలో లేదు, పుట్టుకలోనే ఉంది. కణాల్లో క్రోమోజోములు రెట్టింపై ఉండొచ్చు. రేకు పెరుగుదలను ఇక చాలని ఆపే జన్యువు చెడి ఉండొచ్చు. అది ల్యాబ్ వాళ్లు తేలుస్తారు. ఎరువు మాట మాత్రం ఇవాళ్టితో సరి.”

చెల్లెలు నడుము మీద చేతులు పెట్టుకుంది.

“అంటే, మొక్కల్ని అందరికంటే అధ్వాన్నంగా పెంచేది నేనేనని ఏరి మరీ ఇచ్చావన్నమాట.”

“నీ అంత నమ్మకమైన మనిషి ఇంకెవరు దొరుకుతారే?”

చెల్లెలు కుండీని మళ్లీ ఎత్తుకుంది.

“పద, ఆ న్యాయనిర్ణేత దగ్గరికి. టీ సంగతి నేనే చెప్తాను.”