తల కిందికి, తోక పైకి

రేపల్లె స్టేషన్ బయట సరోజ టీకొట్టు దగ్గర జాన్ సైదా నోరు విప్పాడంటే, బండి కూత వేసినా బెంచీ మీంచి ఎవరూ లేవరు. రేడియోలు బాగుచేసి బతికిన మనిషి. ఇప్పుడు రేడియోలు పోయాయి, మాటలు మిగిలాయి.

ఆయన పక్కనే మనవరాలు ఆలియా కూర్చుంది. విమానం నడపడం నేర్చుకుంటోంది. నేల మీది రేడియో స్తంభం ఎటుందో చూపించే ముల్లు ఒకటి ఉంటుంది విమానంలో. పోయినసారి పరీక్షలో ఆ ముల్లు దగ్గరే తడబడి తప్పింది. రేపు మళ్ళీ పరీక్ష. ఈసారీ తప్పితే ఏ మొహం పెట్టుకుని తిరిగి రావాలని ఆమెకు ఒకటే బెంగ. పొద్దున టిఫిన్ కూడా సయించలేదు.

“ఆ ముల్లు నాకు కొత్తేం కాదు,” అన్నాడు జాన్ సైదా గ్లాసు ఊదుకుంటూ. “బాపట్లలో ఒక విమానం దిగితే దాని రేడియో నేనే చూశాను. చిన్న పనేలే, వైరు ఊడింది.”

“అబ్బో,” అన్నాడు పక్కనున్న నగరం అనే ఊరి రైతు చిన్నయ్య.

“పైలట్ నా చెయ్యి పట్టుకుని, బాబాయ్, ఈ ముల్లు సంగతి నాకెప్పుడూ గుర్తుండదు, ఏదైనా ఉపాయం చెప్పమన్నాడు. నేనన్నానూ, గేదెని మేతకి వదిలితే ఏం చేస్తుందయ్యా? ముందుకెళ్ళేకొద్దీ తల కిందికి దించుద్ది, ఈగల్ని తోలుకోడానికి తోక పైకెత్తుద్ది. ముల్లూ అంతే. విమానం పోయేకొద్దీ దాని తల కిందికే జారుద్ది, తోక పైకే లేస్తుంది. స్తంభం దాటామా, తల పూర్తిగా కిందికి పడిపోద్ది.”

ఆ సూత్రం ఆలియా పుస్తకంలోదే. గేదె మాత్రం తాతది. ఆమె నవ్వు ఆపుకుంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైలట్ నన్ను కూడా ఎక్కించుకున్నాడు. పిట్టలవానిపాలెం దాటామో లేదో, పాపం నా మాట విన్న నిశ్చింతలో అతనికి కునుకు పట్టేసింది. లేపడం దేనికిలే అని నేనే తోలాను.”

“కిందికి చూస్తే కళ్ళు తిరగలేదా మావా?” అంది సరోజ.

“కింద కనపడితే కదమ్మా. దోసెల పిండంత చిక్కగా మబ్బు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తోసుకుంటూ పోయాను. చెయ్యి నొప్పెట్టి కాసేపు తెనాలి స్టేషన్లో ఆపాను. సరిగ్గా రేపల్లె బండి వచ్చే ప్లాట్‌ఫారమేనాయె, జనం అదే అనుకుని ఎక్కేశారు. పెరుగు తట్టలవాళ్ళు, గోంగూర కట్టలవాళ్ళు. చోటు చాలక కొందరు రెక్కల మీద కూర్చున్నారు. ఒకాయనైతే సీటుకి తువ్వాలు వేసి టీకి వెళ్ళాడు, ఆయన వచ్చేదాకా కదలనివ్వలేదు.”

బెంచీ మొత్తం ఊగిపోయింది. సరోజ పాలు పొంగనిచ్చేసింది.

“ఇంక చూడండి నా సామిరంగా, అంతమంది ప్రాణాలు, ఒక్క ముల్లు. రేపల్లెలో మా షాపు మీద నేను కట్టిన స్తంభం వైపే గురి. వచ్చాం, వచ్చాం, ఊరు దాటాం. ముల్లు తల జివ్వున పైకి లేచింది…”

“లేవదు తాతా,” అంది ఆలియా.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“దాటితే తల కిందికి పడుతుంది. తోక లేస్తుంది. తల పైకే ఉందంటే ఊరు ఇంకా ముందే ఉన్నట్టు. దాటామనుకుని నువ్వు దిగితే ఆ గోంగూర కట్టలతో సహా అందరూ చేలో పడతారు.”

చెప్పేశాక గాని ఆమెకు తెలియలేదు, ఎక్కడా తడుముకోలేదని. ఒక్కసారిగా ఆకలేసింది.

చిన్నయ్య తొడ చరిచి నవ్వాడు. “అయితే గేదెని తోలడం కూడా రాదన్నమాట మా సైదా మావకి.”

జాన్ సైదా ముఖం చిన్నబోయింది. అయినా ఓడిపోవడం ఆయన ఒంట్లో లేదు. “నీకు తెలుసో లేదో చూద్దామని అన్నానమ్మా,” అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆయనా పెద్దగా పట్టుబట్టలేదు. గ్లాసు బెంచీ మీద పెట్టి, “మరి తెనాలి జనమంతా గాల్లోనే ఉన్నారుగా,” అన్నాడు మెల్లగా. “నా వల్ల కాదులే. నువ్వే దించు.”

ఆలియా సరోజనడిగి గరిటె తీసుకుంది. ముల్లులా పట్టుకుని బెంచీ మీద నిటారుగా కూర్చుంది. “తల జారింది, తోక లేచింది. ఇప్పుడు దాటాం. వెనక్కి తిప్పుతున్నాను, కదలకండి.”

“అమ్మాయ్, నన్ను నగరం దగ్గర దించుతావా?” అన్నాడు చిన్నయ్య.

“మధ్యలో ఆపనండి,” అంది ఆలియా. “సరోజక్కా, దిగేలోపు రెండు ఇడ్లీ పెట్టు.”