మధ్య స్పీకరు

(సాయంత్రం. భర్త తన ఇంట్లో, భార్య వాళ్ళ అక్కగారింట్లో. ఫోను.)

“తుపాకులు పేలుతున్నాయి, కార్లు గుద్దుకుంటున్నాయి, పాటలకైతే చెవులు చిల్లులు పడుతున్నాయి. మనుషులు నోరు తెరిస్తే మాత్రం ఒక్క ముక్క వినపడి చావదు! ఏం కెలికావే?”

“ఇందుకేనా ఫోన్ చేశారు?”

“మరెందుకనుకున్నావు? టీవీ కింద మధ్యలో ఉండాల్సిన స్పీకరేది?”

“నా దగ్గరుంది.”

“నీ దగ్గరా? మీ అక్కగారింట్లోనా?”

“ఆఁ.”

“స్పీకర్లకి సౌండు పంపే రిసీవరు ఇక్కడ, స్పీకరు అక్కడ! దాన్నేం చేసుకుంటావు, తలకింద పెట్టుకుంటావా?”

“పెట్టుకుంటా. మీకేం?”

“నాకేమా! గోడలకి రంగులేసినప్పుడు వెనక రెండూ పీకించావు. పోనీలే అని ఊరుకున్నా. ఇప్పుడు మాటలొచ్చేదే పట్టుకుపోయావు. మిగిలిన రెండింటితో ఏం చూడాలి, నా మొహమా?”

“అరవకండి. రెండు చాలు. రిమోట్‌లో సెట్టింగ్స్ నొక్కండి. స్పీకర్లు అని ఉంటుంది.”

“నువ్వు నాకు చెప్తున్నావా?”

“బిగించినతను చెబుతుంటే విన్నది నేను. మీరు ఫోన్ చూసుకుంటున్నారు. నొక్కారా?”

“నొక్కి ఏడిశా.”

“మధ్య స్పీకరుకి ఎదురుగా ఏముంది?”

“యెస్ అని ఉంది.”

“అదే మరి. ఐదు స్పీకర్లూ ఉన్నాయనుకుని ఆ రిసీవరు మాటలన్నీ ఖాళీ వైరుకే పంపిస్తోంది, పిచ్చిది. నో అని పెట్టండి. వెనక రెండింటికీ కూడా. అప్పుడు ఆ మాటల్ని పక్కనున్న రెండింటికీ పంచుతుంది.”

“ఆగు, ఆగు... ఆఁ! వచ్చాయ్! ఓర్నీ, ఇంతసేపూ వీడు వాణ్ణి తిడుతున్నాడనుకున్నా, బతిమాలుతున్నాడు! ఇంతోటి దానికి నా ప్రాణం తోడేశావు. సరే, వచ్చేటప్పుడు మర్చిపోకుండా అది తీసుకురా.”

“వచ్చేటప్పుడా? ఎప్పుడొస్తాననుకుంటున్నారు?”

“నాకేం తెలుసు? మీ అక్కకి ఒంట్లో బాలేదన్నావుగా.”

“అక్క గుండ్రాయిలా ఉంది. నేనలా అనలేదు.”

“మరేమన్నావు?”

“‘ఇంక నావల్ల కాదు, వెళ్ళిపోతున్నా’ అన్నా. మీరు సినిమా చూస్తూ ‘ఊఁ’ అన్నారు.”

“ఎప్పుడు?”

“పోయిన వారం. పెట్టె పట్టుకుని మీ ముందునుంచే వెళ్ళా. టీవీకి అడ్డమొచ్చానని కసిరారు కూడా.”

“అబద్ధాలాడకు! పోయిన వారం వెళ్ళినదానివి స్పీకరెలా పట్టుకెళ్ళావు? నిన్న కూడా సినిమా చూశా. మాటలు బ్రహ్మాండంగా వినిపించాయి!”

“వినిపిస్తాయి. నిన్న అది అక్కడే ఉంది. నాకోసం ఫోన్ చేస్తారేమోనని వారమంతా చూశా. చెయ్యలేదు. ఇవాళ మీరు ఆఫీసుకెళ్ళాక వచ్చి దాన్ని పట్టుకొచ్చా. సాయంత్రానికల్లా చేశారు.”