మంగరాజు మానేసిన మర్నాడు

చింతపల్లి జీపుల స్టాండు పక్కన టీ కొట్లో మంగరాజు నోరు విప్పాడంటే జీపు నిండినా ఎవరూ లేవరు. కాఫీ గింజలు వేయించే కంపెనీలో మూడేళ్లు చేస్తానని కాగితం రాసిచ్చి పది నెలలకే మానేసిన మనిషి. మిరియాలు కోస్తూ చెట్టు మీంచి పడ్డ తండ్రిని చూసుకోవడానికి ఇంకెవరున్నారు పాపం! మధ్యలో మానేసినందుకు తమకు కలిగిన నష్టమంతా కట్టాలని కంపెనీ నోటీసు పంపింది. అది జేబులో పెట్టుకుని తిరుగుతున్నా కోతలు మాత్రం తగ్గలేదు.

“నోటీసు ఊరికే వత్తాదేటి? నా సెయ్యి అలాటిది. నాను మానేసిన రోజే ఓ బస్తా మాడిపోయింది. ఆ తరవాత ఏటైందో తెల్సా?”

“ఏటైంది?” అన్నాడు జీపు నడిపే సుక్రు. మంగరాజుకి వరసకి వదినయ్యే కనక పనికెళ్లే జీపు కోసం నిలబడి అంతా వింటోంది.

రెండో రోజు మంగరాజు వస్తే గాని తిరగనని మిషను మొరాయించిందట. మూడో రోజు లేచిన మంటలకి సీలేరు నీళ్లన్నీ మళ్లించాల్సి వచ్చిందట. వారం తిరిగేసరికి పై దేశాల్లో దొరలు కాఫీ లేక నిద్రే లేవలేదట. ఓనరైతే మంగరాజూ మంగరాజూ అని కలవరిస్తూ మంచం పట్టాడట.

మూల బెంచీ మీద మఫ్లరు చుట్టుకున్న పెద్దమనిషి టీ గ్లాసు కింద పెట్టాడు.

“నా పేరు సన్యాసిరావు. ఆ కంపెనీ వకీలు గారి గుమస్తాని. నీవల్ల ఎంత నష్టమొచ్చిందో చూడమని పంపారు. నిన్నంతా కంపెనీ లెక్కలు చూశాను, మిషను ఒక్క పూటా ఆగలేదు. నష్టం లేకపోతే నోటీసు నిలవదని రాద్దామనుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పినవన్నీ రాసుకోమంటావా?”

మంగరాజు గభాల్న లేచి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోత లేకుండా మాట్లాడాడు.

“వద్దు బాబూ. ఏటీ అవ్వలేదు. మర్నాడే మా కనకొదిన నా బదులెల్లి మిషను కాడ నిలబడింది. నాను పది నెలల్లో నేర్సింది నాలుగు రోజుల్లో నేర్సేసింది. నాకన్నా బాగా ఏపుతాది. నాను లేనని అక్కడెవరికీ తెలీనే లేదు.”

సన్యాసిరావు అదే ముక్క రాసి సంతకం పెట్టించుకున్నాడు. తను లేకపోయినా ఏ లోటూ లేదని సంతకం పెట్టి మంగరాజు అంత సంతోషపడటం ఎవరూ ఎరగరు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నీ మేలు మరిచిపోలేనొదినా అని అందరి ముందూ దండం పెట్టాడు.

సుక్రు హారన్ కొట్టాడు. కనక జీపెక్కలేదు.

“నాకన్నా బాగా ఏపుతాదని అన్నాడు గదా, అదీ రాసారా బాబూ? ఓపాలి బిగ్గరగా సదవండి.”