మధ్య పేజీలు

మళ్ళీ అదే మాటా మేడం? కాపీ కొట్టింది, కాపీ కొట్టింది అని పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. ఎవరి పేపర్లో చూసి కొట్టిందో అది చెప్పండి ముందు. ఆ హాల్లో ఇరవైకి ఇరవై తెచ్చుకున్న పిల్ల మా చెల్లెలొక్కతే అని మీరే అన్నారు కదా. పదిహేను వచ్చినవాళ్ళ దగ్గర చూసి ఇరవై ఎలా తెచ్చుకుంటుందండీ? చిల్లుకుండతో నీళ్ళు మోసి చెరువు నింపినట్టుంది మీ లెక్క.

కూర్చున్నానండీ. కూర్చునే మాట్లాడుతున్నా.

సరే, పెట్టెలు ఖాళీగా ఉన్నాయి, ఒప్పుకుంటున్నా. ప్రతి లెక్క కిందా ఒక పెట్టె గీసి, 'చేసిన విధానం ఇక్కడ చూపించాలి' అని అచ్చు వేశారు మీరు. మా పిట్ట అందులో ఏమీ రాయలేదు. జవాబు ఒక్కటే రాసింది. పిట్ట అంటే మా చెల్లెలేనండీ, ఇంట్లో అలాగే పిలుస్తాం. పదకొండేళ్ళు వచ్చినా అంతే ఉంది కదా, చూశారుగా.

ఖాళీ పెట్టెలు చూసి దొంగతనం అన్నారు. ఇవాళ మళ్ళీ పిలిపించి, ఆ అద్దం అవతలి గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి మూడు లెక్కలిచ్చారు. గంట టైము. పెట్టెలు నింపితే స్కాలర్‌షిప్పు దానిదే, పదో తరగతి దాకా బడీ హాస్టలూ అన్నీ మీవే. నింపకపోతే జాబితాలో పేరు కొట్టేస్తారు. అంతేగా? నాకర్థమైందండీ. నేనేం అంత మొద్దుని కాదు.

నింపదు మేడం. ముందే చెప్తున్నా. జవాబులు వేసేసి చేతులు కట్టుక్కూర్చుంటుంది. దానికి కాగితం మీద చిత్తు చేసుకునే అలవాటు లేదు. మాన్పించింది నేనే.

ఎందుకు అంటే, వస్తున్నా, అక్కడికే వస్తున్నా. నేను జిరాక్సు షాపులో పనిచేస్తాను. అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది, ఇంటికొచ్చాక ఆవిడకి మంచం తప్ప ఇంకేం కనపడదు. నాన్న సంగతి అడక్కండి, ఆయన ఎక్కడున్నాడో ఆయనకే తెలియాలి. కాబట్టి పిట్టకి టీచర్నీ, వార్డెన్నీ, జైలర్నీ అన్నీ నేనే.

మూడేళ్ళు తయారుచేశాను దాన్ని ఈ పరీక్షకి. బడి వదలగానే షాపుకొచ్చేది. మిషను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేదాన్ని. కాగితం పెట్టి, మూతవేసి, లెక్క చెప్పి మీట నొక్కుతాను. ఆ వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళేలోపు జవాబు రావాలి. రాకపోతే సాయంత్రం అద్దాలన్నీ అదే తుడవాలి.

మొదట్లో వేళ్ళు మడిచేది. మడవకే అంటే వినదు. కాగితాల కట్టలకి వేసే రబ్బరు బ్యాండ్లుంటాయి చూడండి, అవి తీసి పది వేళ్ళకీ కలిపి చుట్టేశాను. వేలికొసలు నేరేడుపళ్ళలా అయ్యాయి. జవాబు చెప్పు, తీస్తాను, అన్నాను. చెప్పింది. మొహం అలా పెట్టకండి మేడం. వేళ్ళేం ఊడిపోలేదు, పదీ ఉన్నాయి. కావాలంటే లెక్కపెట్టుకోండి.

తర్వాత కాలివేళ్ళు. చెప్పుల్లో కదిలేవి. చెప్పులు విప్పించి ఎదురుగా నిలబెట్టాను. ఆ తర్వాత నోరు మూసుకుని పళ్ళమీద నాలుకతో లెక్కపెడుతోందని కనిపెట్టాను. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం నేను, నా దగ్గరా దాని ఆటలు? నోటినిండా నీళ్ళు పోసుకుని పుక్కిట పట్టమన్నాను. ఇప్పుడు చెయ్యవే అన్నాను. చేసింది. చూపుడువేలితో గాల్లో రాసి చూపించింది జవాబు. మింగినా, ఉమ్మినా మళ్ళీ మొదటికి. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన చూసి, "ఏమ్మా, చేపపిల్లని పెంచుతున్నావా?" అనేవాడు. ఇది నవ్వొచ్చి మింగేసేది. మళ్ళీ మొదటికి.

పెన్సిలు గీత కనిపిస్తే చెరిపించేదాన్ని. రబ్బరు ముట్టుకోనివ్వను. వేలితోనే, కాగితం చిరిగేదాకా.

టైము మేడం, టైము కోసం. గంటలో ఇరవై లెక్కలు. చిత్తు చేసుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తెములుతాయి?

నాకు పిల్లలంటే పడదని మీరనుకుంటున్నారు. పిల్లల సంగతి నాకు తెలీదు. ఇదంటే మాత్రం మొదటిరోజు నుంచీ పడదు, నిజమే. ఈ పరీక్ష నేనూ రాయాల్సిందండీ, దాని ఈడులో. హాల్‌టికెట్టు కూడా వచ్చింది. ఆ పొద్దున్నే అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. ఇంట్లో రెండో మనిషి లేరు. ఫ్లాస్కు పట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. పదిన్నరకి అక్కడ బెల్లు కొట్టుంటారు. పదకొండుకి ఇక్కడ ఇది కేర్‌మంది.

దాని ప్రతి పుట్టినరోజుకీ ఈ కథ చెప్తాను దానికి. పోయినసారి నేను నోరు తెరవకముందే అదే అందుకుంది, "పదిన్నరకి బెల్లు, పదకొండుకి నేను" అని. ఎగతాళి అనుకుని ఒకటిచ్చాను. ఎగతాళి కాదేమో. ఏమో, అప్పుడు ఆలోచించలేదు.

ఏంటిది, దాని పేపరా?

పద్నాలుగో లెక్క. ఈ పెట్టె కూడా ఖాళీయే కదండీ. వెలుతురుకి పట్టుకోమంటారా?

పట్టుకున్నా.

రాసి చెరిపేసింది. మూడు వరసలు. అచ్చులు పడ్డాయి కాగితం మీద. ఇక్కడ చూడండి, నూగు లేచింది. వేలితో చెరిపింది.

ప్రశ్న చదవక్కర్లేదు, ఇదేదో నాకు తెలుసు. వెళ్ళేటప్పుడు గంటకి ఇరవై కిలోమీటర్లు, అదే దారిలో తిరిగొచ్చేటప్పుడు ముప్పై, మొత్తం మీద సగటు వేగమెంత. ఇదొచ్చిందని నాతో ఒక్క ముక్క చెప్పలేదు. జవాబు ఏం వేసింది?

ఇరవై నాలుగు.

ఇరవై నాలుగే వేసిందా.

కొంచెం మంచినీళ్ళుంటే ఇప్పించండి.

ఈ లెక్క మీద మాకో గొడవుందండీ. కిందటేడు. రెండూ కూడి సగం చెయ్యి, ఇరవై అయిదు, అన్నాను నేను. జవాబుల పేజీలోనూ ఇరవై అయిదే ఉంది. ఇది నా కన్నుగప్పి పాడైన కాగితం వెనక ఏదో గీకి, "కాదక్కా, దారి అరవై కిలోమీటర్లనుకో. పోవడానికి మూడు గంటలు, రావడానికి రెండు. నూట ఇరవైని అయిదుతో భాగిస్తే ఇరవై నాలుగు" అంది.

"అరవై అని నీకెవరు చెప్పారే? ప్రశ్నలో ఉందా అరవై?" అన్నాను.

"ఎంతనుకున్నా ఇంతే వస్తుందక్కా" అంది.

ఎంతనుకున్నా ఇంతే ఎందుకొస్తుందో నాకు తెలీదు మేడం. ఇవాళ్టికీ తెలీదు.

చెప్పేస్తా వినండి. మా షాపుకి జనం గైడ్లు తెస్తారు, ఇంతింత లావువి. మొత్తం ఎవరూ తీయించుకోరు. ముందున్న ప్రశ్నలూ, చివరున్న జవాబుల పేజీ, ఇవి చాలమ్మా అంటారు. ఎలా చెయ్యాలో చెప్పే మధ్య పేజీలు పుస్తకంలోనే ఉండిపోయి, పుస్తకంతోపాటే వెళ్ళిపోతాయి. వెనక పదిమంది నిలబడి ఉంటే తెరిచి చదువుకోనిస్తారా ఎవరైనా? నాకు మిగిలేవి వంకరగా పడ్డ కాపీలు, మసిపట్టినవి. ఐదో క్లాసుతో బడి మానేసినదాన్ని, వాటితోనే నేర్చుకున్నాను. ప్రశ్న ఇది, జవాబు అది, మధ్యలో ఏం చేస్తే అక్కడికి చేరతామో ఊహించుకుంటూ. కొన్ని ఊహలు కుదిరాయి. కుదరనివి కంఠతా పట్టాను.

ఆ పెట్టె నింపమంటే నేను నింపలేను. అది నింపితే తప్పో ఒప్పో చెప్పలేను. "ఇలా ఎందుకక్కా" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అందుకని చిత్తు చేసేవాళ్ళందరూ మొద్దులే అని చెప్పాను దానికి. టైమూ లేదు గీమూ లేదు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారే, ఆ రోజు నాది అదే. ఇరవై అయిదు అని అయిదువందలసార్లు రాయించాను. రాసేదాకా తిండి పెట్టలేదు. అయిదువందలూ రాసింది.

అక్కడితో అయిపోతే బాగుండేది.

నాలుగు నెలల తర్వాత ఎవరో అదే గైడు కొత్తది తెచ్చారు. జవాబుల పేజీ మీద చిన్న చీటీ అతికించి ఉంది, తప్పొప్పులది. ఫలానా లెక్కకి ఇరవై అయిదు అని పొరపాటున పడింది, ఇరవై నాలుగు అని చదువుకోవాలి, అని. పిట్ట స్టూలు మీదే ఉంది. నేను ఆ చీటీ ఊడబెరికాను. వేరొకరి పుస్తకం మేడం అది. ఊడబెరికి, నలిపి, మిషను కింద దూర్చేశాను.

మర్నాడు కావాలని అదే లెక్క అడిగాను. నా కళ్ళలోకి చూసి "ఇరవై అయిదు" అంది.

"శభాష్" అన్నాను.

అది చీటీ చూసిందో లేదో నాకు తెలీదు. అడగలేదు.

ఏమంటున్నారు? అరగంటైందా? ఇంకా పెన్సిలు ముట్టుకోలేదా? తెలుసు, చూస్తూనే ఉన్నాను. నేను దాన్ని చూస్తున్నాను, అది నన్ను చూస్తోంది. మీరు అద్దానికి అడ్డంగా కూర్చున్నా మెడ సాచి చూస్తుంది.

నేను బయటికి వెళ్తే రాస్తుందా? రాస్తుంది. అందుకే వెళ్ళను.

అరవకండి మేడం, నిజం చెప్పమన్నారు, చెప్తున్నాను. నేను లేస్తే రాస్తుంది. రాస్తే సరిగ్గానే రాస్తుంది. మీ హాస్టలుకి పోతుంది. అక్కడ నిజం టీచర్లుంటారు, మధ్యలో ఉన్నదంతా బోర్డు మీద వరసగా రాసి చూపిస్తారు. నెల తిరక్కుండా దానికి తెలిసిపోతుంది వాళ్ళక్క ఎంత గుండుసున్నో. పేరు కొట్టేశారనుకోండి, ఏముంది, షాపుకొస్తుంది. పదహారేళ్ళొచ్చేసరికి రెండో మిషను మీద నిలబడుతుంది, నా పక్కన. నేను ఎంతంటే అంత అంటుంది.

పొద్దున బస్సులో ఇదే అనుకుంటూ వచ్చాను. అది నా ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోతోంది. జుట్టు కళ్ళలో పడుతుంటే పక్కకి తీస్తూనే ఉన్నాను, అనుకుంటూనే ఉన్నాను, దేవుడా ఇది ఖాళీగా వదిలేస్తే బాగుండు అని. నాతోపాటు వచ్చింది దాన్ని గట్టెక్కించడానికని మీరనుకున్నారు. అమ్మ కూడా అలాగే అనుకుంది. నేను కాపలాకొచ్చాను.

ఇప్పుడెందుకు లేచింది అది? బాత్‌రూముకా?

గుమ్మం దగ్గర మీరు కాపలా పెట్టినాయన్ని ఏదో అడుగుతోంది. ఆయన తల ఊపాడు. కుర్చీ ఎత్తుతోంది. దానికంటే కుర్చీయే పెద్దగా ఉంది. ఆయన పట్టుకోబోతే వద్దంది చూడండి. టేబులుకి అటువైపు తీసుకెళ్తోంది.

ఇటు వీపు పెట్టి కూర్చుంది.

నేను దానికి చాలా నేర్పానండీ. ఇది మాత్రం నేర్పలేదు.

మోచెయ్యి కదులుతోంది. జవాబు ఒక్కటే రాసేదైతే ఎప్పుడో ఆగేది. ఇంకా కదులుతోంది. ఇటు తిరగమనండి ఒకసారి. వద్దులెండి. వద్దు.

ఇందాకటి ఆ కాగితం ఇలా ఇవ్వండి. పెట్టెలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో రాసివ్వమన్నారు కదా, రాస్తాను. రాయకపోతే ఇవాళ్టి పేపరు బాగున్నా మొదటిదాని మీద అనుమానం పోదన్నారు. చిత్తు చెయ్యొద్దని కొట్టింది నేను, అని రాస్తా. మధ్య పేజీల సంగతి కూడా రాయాలా? సరే, అదీ రాస్తా. చీటీ సంగతి కూడానా. ఏదీ వదిలిపెట్టరన్నమాట మీరు. ఈ పెన్ను ముద్ద కడుతోంది, మీది ఇవ్వండి.

ఒక్కటే అడుగుతున్నా. దీన్ని దానికి చూపించొద్దు.

కోపం వస్తుందని కాదు. కోపమైతే రానివ్వండి, అలాంటి కోపాలు చాలా చూశాను. కోపం రాదు దానికి. జాలిపడుతుంది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు నా పక్కన చేరి, మెల్లిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, నాకు లెక్కలు నేర్పడం మొదలుపెడుతుంది.

అది నేను పడలేను మేడం.

తారీఖెంతండీ ఇవాళ?