గోడ దిగిన బొమ్మ

జీలాంగ్ ఊరి చిత్రప్రదర్శన. రెండో రోజు పొద్దున, తలుపులు ఇంకా తీయలేదు. మొదటి బహుమతి వచ్చిన బొమ్మ ముందు దాన్ని గీసిన టామ్సిన్, నిర్వాహకురాలు గ్లెనిస్ నిలబడి ఉన్నారు.

“తీసేస్తారు. అంతేగా?”

“తీసేయడం కాదమ్మా. కొన్నాళ్ళు లోపల పెడదామని.”

“లోపలంటే? చీపుర్లు పెట్టే గదిలోనా?”

“అబ్బ, అట్లా అనకు. బహుమతి నీదే. దాన్నెవరూ వెనక్కి తీసుకోరు.”

“బహుమతి బయట, బొమ్మ లోపల. సరే.”

“కోపమొచ్చిందా?”

“లేదండీ. రావట్లేదు. నా బట్టల్లేని సినిమాల సంగతేగా?”

“అదీ... మా కమిటీ వాళ్ళలో ఒకరిద్దరు నిన్ను గుర్తుపట్టారులే.”

“బట్టలున్నా గుర్తుపట్టారా! గొప్ప కళ్ళే.”

“ఊరుకో, నవ్వించకు. టీ తాగుతావా?”

“వద్దు. షూటింగులో ఎట్లా పడుకోవాలో, ఎటు చూడాలో వాళ్ళే చెప్తారు. ఇంటికొచ్చి రంగులు కలిపితే ఎవరూ ఏమీ చెప్పరు. అందుకే గీస్తాను. సరే, దింపేద్దాం, ఆ పక్క పట్టుకోండి.”

“ఆగమ్మా. వాళ్ళతో నేను పోట్లాడాను. నోళ్ళు మూసుకున్నారు.”

“మరింకేం?”

“నిన్న ఒక పెద్దాయన వచ్చాడు. దీని ముందే నిలబడిపోయాడు. కుర్చీ వేస్తానన్నా కూర్చోలేదు. తీసేయమన్నది ఆయనే.”

“నా సినిమాలు చూశాడేమో.”

“సినిమా మాటే ఎత్తలేదు. బొమ్మలో ఉన్నది ఆయనే.”

“ఇక్కడికొచ్చాడా?”

“మీ నాన్నేనా?”

“ఊఁ.”

“అడిగే గీశావా?”

“ఎట్లా అడగను? గడప తొక్కొద్దన్నాడుగా. సాయంత్రంపూట పోయి, కిటికీ బయట నిలబడి గీసుకొచ్చేదాన్ని. చీకటి పడితే వచ్చేసేదాన్ని.”

“ఎన్నిసార్లు?”

“ఏమో. చాలాసార్లు. పరువు తీశానన్నాడా?”

“అనలేదు.”

“తిట్టాడా?”

“లేదు. బొమ్మ బాగుందన్నాడు. చేతులు అచ్చం తన చేతులే అన్నాడు.”

“మరెందుకు తీసేయమన్నాడు?”

“కింద నువ్వు రాసిన పేరు తప్పట. ‘నిద్రపోతున్న మనిషి’ అని రాశావుగా. అది మార్చిందాకా గోడ మీద ఉంచొద్దన్నాడు.”

“అందులో తప్పేముంది?”

“‘నేనెప్పుడు నిద్రపోయాను? కళ్ళు తెరిస్తే పిల్ల వెళ్ళిపోతుందని మూసుకుని కూర్చున్నాను’ అన్నాడు.”