ఆలస్యంగా వచ్చినవాళ్ళు

సభాధ్యక్షులకు, ఇన్నేళ్ళూ నన్ను ఓపిగ్గా భరించిన సంఘ పెద్దలకు, మిత్రులకు, ముందు వరసలో కూర్చుని "త్వరగా ముగించండి" అని కళ్ళతోనే చెబుతున్న మా ఆవిడకు వందనాలు. (నవ్వులు)

ఈ చర్చి కాపరిగా పదవీ విరమణ చేస్తున్నానని గోడగడియారం బహూకరించారు, సంతోషం. మొదటి పాట అయ్యాక మందిరంలోకి వచ్చినవాళ్ళు ఆరాధన ముగిసేదాకా ద్వారం దగ్గరే నిలబడాలని ముప్పై మూడేళ్ళ కిందట నియమం పెట్టి అందర్నీ పీడించినవాణ్ణి కదా, నాకు తగిన శాస్తే చేశారు.

అదిగో, మూడో స్తంభం పక్కన ఆసుపత్రి నర్సమ్మ. తల దించుకోకమ్మా, నిన్ను పొగడడం లేదు. రాత్రి డ్యూటీ దిగి ఆమె వచ్చేసరికి పాట అయిపోయేది. క్రీస్తు మనల్ని విడిపించాడు, ఇక దేనికీ బానిసలం కాము అని నేను బల్లగుద్ది చెబుతుంటే, ఆమె పదకొండేళ్ళు గోడకు ఆనుకుని నిలబడే విన్నది. నాకు కనబడేది. నేను పెట్టిన నియమం నేనే తీసేస్తే నలుగురూ ఏమనుకుంటారోనని ఊరుకున్నాను.

పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళి క్షమించమన్నాను. "అయ్యో అయ్యగారూ, మీరు నిలబెట్టడమేంటి? కూర్చుంటే నిద్రొచ్చేస్తుందని నేనే నిలబడ్డాను. వినాలనిపించింది, అంతే. మరీ ఆగలేని రోజు కూర్చుని నిద్రపోయాను కూడా. మీరు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు, చూళ్ళేదు. దేవుడు చూసినా ఏమనుకోడులెండి" అంది. (నవ్వులు)

మీరు నవ్వారు. నాకు ఆ రోజు నవ్వు రాలేదు. నేను ఒక్క ఆదివారమైనా మానలేదని అధ్యక్షులవారు ఇందాక మెచ్చుకున్నారు. నిజమే, మానలేదు. మంచాన పడ్డ మా అమ్మ రమ్మని కబురు పెట్టిన రోజు కూడా ఆరాధన ముగించుకునే బయల్దేరాను. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

దాన్ని మీరు భక్తి అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. భయమండీ అది. ఒక్క వారం ఆగితే దేవుడు నన్ను కాదంటాడేమోనన్న భయం. కృప ఉచితమని మీకు చెబుతూ నేను మాత్రం కూలివాడిలా పనిచేశాను. తండ్రి ఇంట్లో కొడుకుని కదా, కూర్చోవచ్చని తెలియలేదు. నర్సమ్మకు తెలుసు.

ఇంకో మూడేళ్ళు గౌరవ కాపరిగా ఉండమని పెద్దలు ప్రేమతో అడిగారు. వద్దండీ. అలసిపోయాను. ఈ ఒక్క మాట మీ ముందు అనడానికి ఇంతకాలం పట్టింది.

వచ్చే ఆదివారం కొత్త అయ్యగారు ప్రసంగిస్తారు. నేను తీరిగ్గా టీ తాగి, పాట అయ్యాకే వస్తాను. నర్సమ్మా, వెనక బల్ల మీద కాస్త చోటుంచు. నిద్రపోతే లేపకు.

అందరికీ కృతజ్ఞతలు. ఇక కూర్చుంటాను. సెలవు.